కర్రును ఎప్పుడు మార్చవలెను?



వేసవిలోనే మీ ట్రాక్టరు గొర్రును ఒకసారి పరీక్షించుడు. "కర్రు ఇంకను ఉన్నది గదా" అని సరిపెట్టుకొనరాదు. అరిగిన కర్రు లోతుకు దిగదు. డీజిలు ఖర్చు మాత్రము పెరుగును.

క్రొత్త కర్రు నొకదానిని ఇంట ఉంచుకొని, పాతవానిని దాని ప్రక్కన పెట్టి పోల్చుడు. రెండు కొనలు గలదైనచో, ఒక కొన అరిగిన వెంటనే త్రిప్పి బిగించుకొనవచ్చును. రెండవ కొనయు అరిగి, బోల్టు తలకు మట్టి రాచుకొనుచుండినచో ఇక మార్చవలసినదే. అప్పటికిని ఉపేక్షించినచో కర్రును మోయు ఇనుప కాలే అరిగిపోవును. ఆ నష్టము మరింత ఎక్కువ.

తొమ్మిది కర్రుల గొర్రులో రెండు మూడు మాత్రమే మార్చినచో దుక్కి లోతు సమముగా రాదు.

తొలకరి పడిన పిమ్మట అంగడికి పరుగెత్తినచో, మీరు తిరిగి వచ్చువరకు నేలలో పదును నిలువదు సుమా!