ఎదకు రాకపోతే చూడి కట్టినట్లేనా?

(సంఘ సభ్యుల సమావేశంలో పశువైద్యుని ప్రసంగ పాఠం)



"మా గేదెకు సూది వేయించి మూడు నెలలయిందండీ. మళ్లీ ఎదకు రాలేదు. చూడి కట్టినట్లే" అని పాలు పోయడానికి వచ్చినవారు చెబుతూ వుంటారు. ఆవు విషయంలో ఈ మాట కొంతవరకు నిలుస్తుంది. గేదె విషయంలో మాత్రం దీన్ని నమ్ముకోరాదు.

చూడి కట్టని గేదె సుమారు 21 రోజులకు తిరిగి ఎదకు రావాలి. తరచు వస్తుంది కూడా, మనకే తెలియదు. ఆవులాగా గట్టిగా అరవదు, తోటి పశువుల మీదికి అంతగా ఎక్కదు. దీన్నే మూగ ఎద అంటారు. వేసవిలో ఇది మరీ ఎక్కువ. కొన్నయితే ఆ ఎండలకు అసలు ఎదకే రావు. పైగా గేదె ఎద లక్షణాలు ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున కనబడతాయి. ఆ వేళకు కొట్టంలో ఎవరుంటారు?

కాబట్టి తోక కింద చూడటం అలవాటు చేసుకోవాలి. ఎదలో వున్న పశువు కోడిగుడ్డు తెల్లసొనలాగా తేటగా, సాగే తీగలు వేస్తుంది. ఆవుకు ఇవి వేలాడుతూ, తోకకు, పిర్రలకు అంటుకుని కనబడతాయి. గేదెకు తక్కువ. నిలబడి వుంటే బయటికి రాకపోవచ్చు, పడుకున్నప్పుడు నేలమీద పడతాయి. అందుచేత ఉదయం పాలు పిండడానికి లేపినప్పుడు అది పడుకున్న చోటు చూడండి. పేడ ఎత్తే పని చాలా ఇళ్లలో ఆడవారిదే. ఈ తీగలు ముందుగా కంటపడేది వారికే. వారిని అడిగే మగవారు తక్కువ, అది వేరే సంగతి.

ఎద అయిన రెండు మూడు రోజులకు కొన్ని ఆవులకు, పెయ్యలకు రక్తపు జీర కనబడుతుంది. చూలు పోయిందని బెంగపడకండి. ఎద వచ్చి వెళ్లిందని మాత్రమే దాని అర్థం. చూడి నిలిచిందీ లేనిదీ అది చెప్పదు.

చూడి కడితే గర్భాశయ ముఖద్వారంలో చిక్కటి జిగురు బిరడాలాగా బిగుసుకుంటుంది. తేట తీగలు ఆగిపోతాయి. మానం వాపు తగ్గి ముడతలు పడుతుంది. నెలలు నిండుతున్నకొద్దీ కొన్నిటికి బంకలాంటి చిక్కటి జిగురు కనబడవచ్చు. అది ఎద తీగ కాదు. ఇంకొక చిక్కు వుంది. కొద్ది పశువులు చూడితో వుండి కూడా ఎద లక్షణాలు చూపుతాయి. అప్పుడు తొందరపడి మళ్లీ సూది వేయిస్తే ఆ బిరడా చెదిరి పశువు ఈసుకుపోవచ్చు. వెనుకటి సూది తేదీ చెప్పి, ముందు పరీక్ష చేయమని అడగండి.

తెల్లగా చీములాగా, దుర్వాసనతో కారితే అది ఎదా కాదు, చూడీ కాదు, గర్భాశయ వ్యాధి. ఆ స్థితిలో సూది వేయించడం డబ్బు దండగ. ముందు వైద్యం చేయించాలి.

పాలు తగ్గాయని చూడి అనుకునేవారున్నారు. పచ్చిమేత తగ్గినా, ఎండ ముదిరినా పాలు తగ్గుతాయి. పొట్ట చూసి పోల్చుకుందామంటే ఆరేడు నెలలు ఆగాలి. తీరా ఆ గేదె వట్టిదని తేలితే? 180 రోజుల్లో ఎనిమిది ఎదలు పోయినట్లు. మేతా దాణా ఖర్చు మీరు లెక్క వేసుకోండి.

సూది వేయించి రెండు నెలలు దాటి మూడో నెల నిండేలోగా చేయి తిరిగిన వైద్యునితో చూడి పరీక్ష చేయించండి. దొడ్డిదారిన చేయి పెట్టి గర్భాశయాన్ని తడిమి చూస్తారు, నాలుగైదు నిమిషాల పని. సూది వేయించిన తేదీ పాల పుస్తకం వెనుక అట్టమీద రాసి పెట్టండి. గేదెకు అక్కడినుండి సుమారు 310 రోజులు, ఆవుకు 280 రోజులు లెక్క. ఈనడానికి రెండు నెలల ముందు పాలు తీయడం ఆపాలన్నా ఈ తేదీయే ఆధారం.

ఇక మీ సందేహాలు అడగండి.