మందులు ఊరికే ఇస్తారు, కూలి ఎవరిస్తారు?
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



టీబీ గురించి, దాని వెంట ఇంట్లోకి వచ్చే పేదరికం గురించి నాలుగు మాటలు చెబుతాను.

ఒక ఏడాది మామిడి కోతలు మొదలవుతుండగా మా ఎనిమిదో తరగతి కుర్రాడు బడి మానేశాడు. ఇంటికి వెళ్లి అడిగాను. తండ్రికి టీబీ. ఆయన బదులు కొడుకు తోట పనికి వెళ్తున్నాడు. "మందులు ఊరికే ఇస్తున్నారు సార్, కూలి ఎవరిస్తారు?" అంది తల్లి. రెండో నెలలో ఒళ్లు కాస్త తేలికపడగానే తండ్రి మందులు ఆపి కోతలకు వెళ్లాడు. జబ్బు తిరగబెట్టింది, అప్పు పెరిగింది. కుర్రాడు మళ్లీ బడికి రాలేదు.

టీబీకి మామూలుగా ఆరు నెలలు మందులు వాడాలి. ఒకప్పుడు శానటోరియంలో చేరాలనేవారు. ఇంట్లో ఉండి మందులు వాడినా అంతే బాగా నయమవుతుందని 1959లో మద్రాసు పరిశోధకులు చూపించారు. ఇక మిగిలింది ఆ ఆరు నెలలు ఇల్లు గడవడం.

అందులో తిండి కూడా వైద్యమే. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లకు నెలనెలా బియ్యం, పప్పు ఇచ్చి చూశారు. ఆ ఇళ్లలో మిగతావారికి టీబీ సోకడం సుమారు 40 శాతం తగ్గిందని 2023లో తేలింది. పోషణ కోసం ప్రభుత్వం రోగికి 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేది, 2024 నవంబరు నుంచి 1,000 చేసింది. ఇది రోగి తిండికి కొంత ఆసరా. పోయిన కూలికి సరిపోదు.

మనం రంజాన్‌లో ఇచ్చే కిట్టు ఒక నెలకే. ఈ జబ్బుకు ఆరు నెలలు కావాలి. ఒక్కొక్క దాత ఒక్కొక్క ఇంటిని ఆరు నెలలు చూసుకోండి. సరుకులు, పిల్లల చదువు ఆగకుండా కొంత సాయం చాలు. దాతలు ఇలా రోగులను దత్తత తీసుకునేందుకు 2022 నుంచి 'నిక్షయ్ మిత్ర' పథకం కూడా ఉంది. జకాత్ సొమ్ము ఎవరికి చెల్లుతుందో ఉలమాలను అడిగి ఇవ్వండి. మిగతాది సదఖాగా ఇవ్వవచ్చు.

ఇంకొక్క మాట. ఆడపిల్ల పెళ్లి చెడుతుందని దగ్గును దాచకండి. అంటువ్యాధి ఉన్న ఊరికి వెళ్లవద్దని, అక్కడున్నవారు బయటికి రావద్దని మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నేర్పారు. సాటివారిని కాపాడటం మనకు కొత్త కాదు. రెండు వారాలు దగ్గు తగ్గకపోతే ప్రభుత్వాసుపత్రిలో తెమడ పరీక్ష చేయించండి.

ఆ కుర్రాడికి మనం ఆలస్యంగా చేరాం. వచ్చే కోతల నాటికి ఏ పిల్లవాడూ తండ్రి జబ్బు వల్ల బడి మానకుండా అల్లాహ్ మన చేత పని చేయించుగాక. ఆమీన్.