డాబా కురిస్తే పిట్టగోడ వైపు చూడండి



ఇంటి కప్పు సంగతి మగవారి వ్యవహారమని మనం ఊరుకుంటాం. కానీ వాన రాత్రి కారేచోటల్లా గిన్నెలూ బకెట్లూ పెడుతూ తిరిగేదెవరండీ? మనమేగా! అందుకని ఈవేళ డాబా మీద నీరు దిగకుండా పరిపించే తారు షీటు గురించి నాలుగు మాటలు చెబుతాను.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన గుంటూరు వైపు వాన తెరిపి ఇవ్వలేదు. అటువంటి వానలో డాబా ఎక్కడ కురుస్తుందో గమనించారా? శ్లాబు నడిమధ్యన తక్కువ. పిట్టగోడ మొదట్లోనూ, తూము చుట్టూనూ ఎక్కువ. ఆ నీరు లోపలి ఇనుముకు తగిలిందంటే తుప్పు పట్టి ఉబ్బుతుంది, పెచ్చులూడి పడతాయి. కింద పిల్లలు పడుకుని ఉంటారు. పనివాళ్లేమో మధ్యలో చక్కగా పరిచి, అంచుల దగ్గరికి వచ్చేసరికి పొద్దుపోయిందంటారు!

మన పాత పెంకుటిళ్లు గుర్తు తెచ్చుకోండి. పెంకు నేయడం ఎప్పుడూ చూరు దగ్గరే మొదలు. పై వరస కింది వరస మీదికి వస్తుంది గనుక నీరు జారిపోతుంది. షీటుకీ అదే సూత్రం. తూములున్న పల్లపు వైపు మొదటి చుట్ట పరిపించండి. తరువాతది దాని మీదికి కనీసం నాలుగంగుళాలు ఎక్కాలి. తిరగేసి వేస్తే అతుకు నోరు వచ్చే నీటికి ఎదురుగా ఉంటుంది.

తూము అంచున షీటు కోసి వదిలేయనివ్వకండి. ముందు వేరే ముక్కను గొట్టం లోపలికి నాలుగంగుళాలు దిగేలా అంటించి, దానిపైకి పెద్ద షీటు రావాలి. అక్కడ గచ్చు కాస్త పల్లంగా ఉండాలి, లేకుంటే షీటు మందమే గట్టులా అడ్డుపడుతుంది. మనం ఎండబెట్టిన మిరపకాయల తొడిమలు గొట్టంలో చేరకుండా జాలీ మూత ఒకటి పెట్టించండి.

పిట్టగోడా నేలా కలిసే మూలలో షీటును తిన్నగా మడిస్తే విరుగుతుంది. ముందుగా ఆ మూలను సిమెంటుతో ఏటవాలుగా నింపించాలి. షీటు గోడ మీదికి ఆరంగుళాలైనా ఎక్కి, పై అంచు గోడలో కొట్టిన గాడిలో దూరాలి. ఆ గాడిని సిమెంటుతో పూడ్పించండి. ఊరికే గోడకు అంటించి వదిలితే ఎండకు విడిపోయి, నీరు వెనకనుంచి దిగుతుంది. పిట్టగోడ లేనివారు షీటును అంచు దాటించి కిందికి మడిపించుకోవాలి. శ్లాబు అంచు అడుగున సన్నని గాడి ఉంటే చినుకు అక్కడే రాలిపోతుంది, గోడకు పాకదు.

ఇదంతా వేసవిలో చేయించుకోవలసిన పని. తడి శ్లాబు మీద పరిస్తే ఎండకు ఆవిరి పుట్టి బుడగలు లేస్తాయి. పూర్తయ్యాక తూములు మూసి, రెండంగుళాల నీరు రెండురోజులు నిలబెట్టి, కింద గదుల్లో పైకప్పు మూలమూలా చూసుకోండి. చెమ్మ లేదని తేలాకే షీటు మీద గచ్చు చేయించండి. మేస్త్రీకి ఆఖరి బాకీ కూడా అప్పుడే ఇవ్వండి.