ఏమీ కనిపించకపోతే అదే రాయండి

పట్టాలు అందుకుంటున్న మీకందరికీ, వెనక వరసల్లో కూర్చుని మిమ్మల్ని వెతుక్కుంటున్న మీ అమ్మానాన్నలకీ అభినందనలు.

నా ఉద్యోగ జీవితమంతా ఖాళీ జాగాలతోనే గడిచింది. విశ్వంలో గెలాక్సీలు అంతటా సమంగా లేవు. సబ్బు నురగలో నీరంతా బుడగల గోడల్లోనే ఉన్నట్టు, గెలాక్సీలు గోడలుగా, తీగలుగా పోగుపడి ఉన్నాయి. ఆ గోడల మధ్య కోట్ల కాంతి సంవత్సరాల మేర దాదాపు ఏమీ లేదు. వాటినే విశ్వ శూన్యాలు అంటున్నాం. విశ్వం ఘనపరిమాణంలో ఎక్కువ వాటా వాటిదే. అలాంటి చోట్ల అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్న గెలాక్సీల్లో వాయువు ఎంత ఉందో రేడియో టెలిస్కోపుతో కొలవడం నా పని.

ఈ శూన్యాలు ఎలా బయటపడ్డాయో మీకు చెప్పాలి. 1977లో టాలిన్‌లో జరిగిన సదస్సులో ఎస్టోనియా శాస్త్రజ్ఞులు యోవేర్, ఐనాస్టో వీటి ప్రస్తావన తెచ్చారు. 1978లో అమెరికాలో గ్రెగరీ, థామ్సన్ కోమా గెలాక్సీ గుంపు ముందర ఖాళీలున్నాయని రాశారు. అందరినీ ఉలిక్కిపడేలా చేసింది మాత్రం 1981లో వచ్చిన ఒక చిన్న వ్యాసం. రాసినవాళ్లు నలుగురు: కిర్ష్‌నర్, ఓమ్లర్, షెక్టర్, షెక్ట్‌మన్. వాళ్లు ఉత్తరాకాశంలో ఒకదానికొకటి దూరంగా ఉన్న మూడు చోట్లు ఎంచుకుని, అక్కడి గెలాక్సీల వర్ణపటాలు తీసి, అవి మననుంచి ఎంత వేగంగా దూరమవుతున్నాయో కొలిచారు. వేగం తెలిస్తే దూరం తెలుస్తుంది. మూడు చోట్లా ఒకటే వింత. సెకనుకు 12,000 నుంచి 18,000 కిలోమీటర్ల వేగాల మధ్య గెలాక్సీలు దాదాపు లేవు. దానికి ఇవతల ఉన్నాయి, అవతల ఉన్నాయి, నడుమ లేవు.

అప్పుడు వాళ్లేం చేశారో జాగ్రత్తగా వినండి. మూడు చోట్ల ఖాళీ కనిపించినంత మాత్రాన వాటి మధ్య ప్రాంతమంతా ఖాళీ అని రుజువు కాదు. అందుకని మళ్లీ టెలిస్కోపు దగ్గరికి వెళ్లారు. ఆ మధ్య ప్రాంతంలో 283 చిన్న చిన్న గళ్లు ఎంచుకుని, 239 గెలాక్సీల వేగాలు కొలిచి, 1987లో ఫలితం ప్రకటించారు. స్వాతి నక్షత్రం మెరిసే బూటీస్ మండలం దిక్కున, సుమారు 70 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, 33 కోట్ల కాంతి సంవత్సరాల అడ్డకొలతతో ఒక శూన్యం ఉంది. ఒక చోట ఏమీ లేదని చెప్పడానికి అంత శ్రమ పట్టింది. ఉందని చెప్పాలంటే ఒక్కటి చూపిస్తే చాలు. లేదని చెప్పాలంటే ప్రతి మూలా వెతకాలి, వెతికిన ప్రతి మూలా నిజాయితీగా రాసి ఉండాలి.

నా దిగులు అక్కడే మొదలవుతుంది. ఇవాళ మిమ్మల్ని కాస్త కోప్పడతాను, ఏమీ అనుకోకండి. మీ ప్రాక్టికల్ రికార్డులు నేను చూశాను. ఇక్కడివే కాదు, దేశంలో ఎన్నో కాలేజీలవి చూశాను. అన్నింట్లోనూ గ్రాఫు బిందువులన్నీ గీత మీదే పడతాయి. పరికరాలు పాతవి, కరెంటు నిలకడగా ఉండదు, ఒక్కో బల్ల దగ్గర ముగ్గురు నలుగురు. అయినా ఒక్క బిందువు పక్కకు జరగదు! రావాల్సిన జవాబు ముందే తెలుసు కాబట్టి, అక్కడినుంచి వెనక్కి లెక్క కట్టి రీడింగులు నింపుతున్నారు. సీనియర్ రికార్డు జూనియర్‌కి ఆస్తిలా చేతులు మారుతోంది. తప్పంతా మీదని నేననను. సరైన గ్రాఫుకే మార్కులు వేస్తామని మీకు నేర్పింది మేమే. కానీ నాయనలారా, తల్లులారా, ఈ అలవాటుతో మీరు పరిశోధనలోకో, పరీక్షల ల్యాబుకో, మందుల కంపెనీకో వెళ్తే ఏమవుతుందో ఆలోచించండి. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని సంగతి ఇది.

నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు న్యూటన్ వలయాల ప్రయోగంలో నా బిందువులు గీత మీద పడలేదు. దిద్దుకోమని చుట్టుపక్కల అందరూ సలహా ఇచ్చారు. మా మాస్టారు దిద్దనివ్వలేదు. నా పక్కన కూర్చుని ట్రావెలింగ్ మైక్రోస్కోపు మరను ముందుకీ వెనక్కీ తిప్పి చూశారు. మర అరిగిపోయి ఉంది. ఎటునుంచి తిప్పుతూ వచ్చామన్నదాన్ని బట్టి రీడింగు మారుతోంది. ఆ సంగతి రికార్డులో రాయించి, కింద సంతకం పెట్టారు. ఆయన సంతకం చేసిన ఆ వంకర గ్రాఫే నన్ను శాస్త్రంలోకి తీసుకొచ్చింది.

చాలా ఏళ్ల తర్వాత నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి పట్టిక తెచ్చి చూపించింది. పుణె దగ్గర ఖొడద్‌లో ఉన్న జీఎంఆర్‌టీ టెలిస్కోపుతో మేం శూన్యాల్లోని గెలాక్సీలను చూస్తున్న రోజులవి. ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పున్న 30 యాంటెన్నాలు కలిసి పనిచేస్తే, హైడ్రోజన్ వాయువు పంపే 21 సెంటీమీటర్ల తరంగం దొరుకుతుంది. పట్టికలో ఒక గెలాక్సీ లేదు. ఏదమ్మా అనడిగాను. "సిగ్నల్ రాలేదు మేడమ్, తీసేశాను" అంది. ఆ గెలాక్సీని మళ్లీ చేర్పించాను. సిగ్నల్ రాకపోయినా ఆ రాత్రి పరికరంలో రొద ఎంత ఉందో మనకు తెలుసు. ఆ రొదను మించిన సిగ్నల్ ఉంటే కనిపించేది. కాబట్టి ఆ గెలాక్సీలో హైడ్రోజన్ ఫలానా పరిమాణానికి మించి లేదని రాయొచ్చు. అదీ ఒక కొలతే. ఆ వరస తీసేసి సగటు లెక్కిస్తే, శూన్యాల్లోని గెలాక్సీలన్నీ వాయు సంపన్నులేనని లోకానికి అబద్ధం చెప్పినట్టే.

బెంగళూరు భారత ఖగోళ భౌతిక సంస్థలో మౌసుమీ దాస్, ఆమె సహచరులు 2015లో ప్రచురించిన పని చూడండి. శూన్యాల్లోని అయిదు గెలాక్సీల్లో అణువాయువు కోసం జపాన్‌లోని నోబెయామా 45 మీటర్ల టెలిస్కోపుతో వెతికారు. నాలుగింటిలో దొరికింది. అయిదింటిని వెతికామని, నాలుగింటిలోనే దొరికిందని వాళ్లు తమ వ్యాసం మొదట్లోనే చెప్పారు. అందుకే ఆ నాలుగింటినీ నేను నమ్ముతాను.

శూన్యాల్లోని గెలాక్సీలంటే నాకు ప్రాణం, అందుకే వాటి గురించి ఇంకో మాట. అవి ఎక్కువగా చిన్నవి, నీలి రంగువి, ఇంకా నక్షత్రాలను కంటున్నవి. గుంపుల్లో ఉన్న గెలాక్సీలు అక్కడి వేడి వాయువు గుండా దూసుకుపోతూ తమ వాయువును పోగొట్టుకుంటాయి, ఇరుగుపొరుగుతో రాసుకుని చెదిరిపోతాయి. శూన్యంలో ఉన్నవాటికి ఆ బెడద తక్కువ. స్లోన్ డిజిటల్ స్కై సర్వే సేకరించిన వర్ణపటాలతో చేసిన అధ్యయనం 2023లో నేచర్ పత్రికలో వచ్చింది. శూన్యాల్లోని గెలాక్సీలు సగటున మిగతావాటికంటే నెమ్మదిగా తమ నక్షత్రాలను కూడబెట్టుకున్నాయని అందులో తేలింది. మన పాలపుంత కూడా ఒక శూన్యం అంచునే ఉంది. బ్రెంట్ టల్లీ, రిచర్డ్ ఫిషర్ 1987లో తమ అట్లాసులో ఆ శూన్యాన్ని గుర్తించారు.

లేకపోవడం ఎంత పెద్ద ప్రశ్న కాగలదో తెలియాలంటే జిమ్ పీబుల్స్‌ను చదవండి. 2019లో నోబెల్ అందుకున్న ఆయన, 2001లోనే ఒక చిక్కుముడి మన ముందు పెట్టారు. సిద్ధాంతం ప్రకారం శూన్యాల్లో మరుగుజ్జు గెలాక్సీలు కనిపించాలి, మరి ఎందుకు కనిపించడం లేదు? దాని మీద చర్చ చాలా కాలం నడిచింది. వెతికినవాళ్లు దొరకలేదని రాయకుండా ఊరుకుని ఉంటే ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

కొలిచినదాన్ని కొలిచినట్టు రాసే ఆ నిజాయితీ మన ఊళ్లోనూ ఉండేది. హైదరాబాద్ నిజామియా వేధశాలవారు అంతర్జాతీయ నక్షత్ర పటం కోసం తమకు అప్పగించిన ఆకాశ భాగాన్ని దశాబ్దాల పాటు ఫొటో పలకల మీద కొలిచి, ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు అచ్చువేశారు. ఆ సంపుటాలు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు గౌరవంతో ఒళ్లు పులకరిస్తుంది.

పట్టా తీసుకుని వెళ్తున్న మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. రేపు ఏ ల్యాబులో చేరినా, మీకొచ్చిన రీడింగునే రాయండి. పై అధికారి మార్చమంటే, మార్చమన్నారని కూడా రాయండి. వేదిక మీదున్న పెద్దలను ఇంకొకటి అడుగుతాను. వచ్చే విద్యా సంవత్సరం నుంచి ప్రాక్టికల్ పరీక్షలో గ్రాఫు అందానికి మార్కులు తగ్గించి, గీత మీద పడని బిందువును ఉంచి దానికి కారణం వెతికిన విద్యార్థికి మార్కులు ఇవ్వండి. దీనికి కొత్త భవనం, కొత్త నిధులు అక్కర్లేదు. అధ్యయన మండలి ఒక్క సమావేశంలో తీర్మానించగల పని ఇది. దయచేసి చేయండి.