శరణార్థుల కనీస సంఖ్య చట్టమున ఉండవలెనా?

(బరంపురమున జరిగిన మన వారపు సమావేశములో ఒక వర్తక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి తండ్రిగారి బియ్యపు కొట్టులో కూర్చున్నవాడను. అట్టి నేను అమెరికా దేశపు చట్టమును గూర్చి మాటలాడుట మీకు వింతగా తోచవచ్చును. ఒహాయో రాష్ట్రమున పౌరసత్వము పొంది స్థిరపడిన నా మేనల్లుడు గత మాసమున ఫోనులో ఒక సంగతి అడిగెను. ఏటేట ఇందరికి తగ్గకుండ శరణార్థులను చేర్చుకొనవలెనని చట్టము చేయింపుడని తమ కాంగ్రెసు సభ్యునికి ఉత్తరము వ్రాయవలసినదిగా ఇరుగుపొరుగువారు వానిని కోరిరట. "మామయ్యా, ఇందులో మనము తలదూర్చవచ్చునా?" అని వాని సందేహము. మనలో కొడుకో కూతురో ఆ దేశమున లేని యిండ్లు కొద్ది. కావున వానికి చెప్పిన సమాధానమునే మీకును విన్నవించుచున్నాను.

అక్కడి యేర్పాటు ఇట్టిది. 1980 మార్చిలో అధ్యక్షుడు కార్టరు శరణార్థుల చట్టముపై సంతకము చేసెను. దాని ప్రకారము ప్రతి సంవత్సరము అక్టోబరు ఒకటవ తేదీకి ముందు, కాంగ్రెసుతో సంప్రదించి, అధ్యక్షుడు ఒక సంఖ్యను నిర్ణయించును. ఆ సంఖ్య గరిష్ఠ పరిమితి మాత్రమే. ఇంతకు మించి రారాదు అను హద్దు కలదు గాని, ఇంతకు తగ్గరాదు అను హద్దు లేదు. సంప్రదింపన్నది పేరునకే జరిగినను అడుగువాడు లేడు.

దీని ఫలితము అంకెలలో చూడుడు. 1980లో పరిమితి 2,31,700. 2017 ఆర్థిక సంవత్సరమునకు మొదట 1,10,000 అని నిర్ణయించిరి. 2021 నాటికి అది 15,000కు దిగెను. ఆ సంవత్సరపు నడుమనే మరల 62,500 చేసిరి. 2022లో 1,25,000. 2025 జనవరిలో కొత్త ప్రభుత్వము రాగానే చేర్చుకొనుటయే నిలిపివేసిరి. 2026 సంవత్సరమునకు 7,500 అని ప్రకటించిరి.

వర్తకులకు ఒక సంగతి చెప్పనక్కరలేదు. సరకు ధర పెరుగుట తగ్గుట కన్న, ఎల్లుండి కొనువాడుండునో లేడో తెలియకపోవుట మనలను ఎక్కువగా చెరచును. శరణార్థులను దింపుకొని, ఇల్లు చూపి, పిల్లలను బడిలో వేసి, పని వెదకి యిచ్చు స్వచ్ఛంద సంస్థలు అక్కడ కలవు. సంఖ్య పడిపోయిన యేండ్లలో వాటి స్థానిక కార్యాలయములు అనేకము మూతపడినవి. పని తెలిసిన మనుషులు వేరు కొలువులకు పోయిరి. అందుచేత 2022లో పరిమితి 1,25,000 ఉన్నను నిజముగా చేరినవారు సుమారు 25,000 మంది మాత్రమే. తిరిగి లక్ష దాటుటకు 2024 వరకు పట్టెను. మూసిన కొట్టు తాళము తీసినంత మాత్రమున బేరము సాగునా?

శరణార్థి వైపు నుండి చూచిన మరియు కఠినము. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ సాధారణముగా పేరు పంపవలెను. తరువాత అధికారి విచారణ, వేలిముద్రలు, భద్రతా తనిఖీలు, వైద్యపరీక్ష. అన్నియు ముగియుటకు సంవత్సరముపైన, తరచు రెండేండ్లు పట్టును. వీనిలో పెక్కింటికి గడువున్నది. ఒక్క కాగితము గడువు దాటెనా, ఆ పరీక్ష మరల జరుగవలెను. అది జరుగులోపల వేరొక కాగితము చెల్లిపోవును. 2025 జనవరిలో విమానపు టిక్కెట్లు సిద్ధమైన కుటుంబములును ఆగిపోయినవి. ఇల్లు ఖాళీ చేసి, సామాను అమ్ముకొని కూర్చున్న ఆ మనిషి మరునాడు ఏమి తినవలెను? ప్రపంచమున శరణార్థులలో ఏ యేటనైనను ఇట్లు మూడవ దేశమునకు చేరువారు నూటికి ఒక్కరైన ఉండరు. ఆ ఒక్కరికిని ఈ గతి.

మా తాతగారు రంగూను బియ్యపు మిల్లులో కూలివారై పోయినవారు. 1941 డిసెంబరులో ఆ పట్టణముపై బాంబులు పడిన పిమ్మట అరకాను దారిని నడచి చిట్టగాంగు చేరి, అచ్చటినుండి యిల్లు చేరిరి. వారి అన్నగారు చేరలేదు. 1960 దశకమున బర్మానుండి మరల వేలమంది తెలుగువారు వచ్చిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేరు నేటికిని ఉన్నది. వారందరికి తిరిగి వచ్చుటకొక దేశముండెను. అదే బర్మానుండి నేడు పారిపోవుచున్న రోహింగ్యాలకు, భూటానునుండి వెడలి నేపాలు శిబిరములలో ఏండ్లు గడపిన నేపాలీ భాషీయులకు అది లేదు. ఆ భూటానువారిలో 80,000కు పైగా జనులకు 2007 తరువాత అమెరికాయే చోటిచ్చినది. మన దేశము 1951 నాటి శరణార్థుల ఒప్పందముపై సంతకము చేయలేదు, శరణార్థులకు ప్రత్యేక చట్టమును లేదు. ఈ మాట దాచి ఇతరులకు బుద్ధి చెప్పుట న్యాయము గాదని నా మేనల్లునికి కూడ చెప్పితిని.

సంఖ్య కాగితముపై ఉండుటవలన ప్రయోజనమేమి యని కొందరందురు. అల్పసంఖ్యాక భాషీయులమైన మనమే ఆ ప్రశ్న వేయుదుమా? పాఠశాలలో నలుబదిమంది గాని, తరగతిలో పదిమంది గాని ఉన్నయెడల మాతృభాషలో ప్రాథమిక విద్య నేర్పవలెనని 1949లో విద్యామంత్రుల సమావేశము తీర్మానించెను. 1956లో రాజ్యాంగమునందు 350-ఎ అధికరణము చేరెను. కొన్నేండ్ల క్రిందట మా వీధి బడిలో తెలుగు ఉపాధ్యాయుని స్థానము ఖాళీ అయినప్పుడు, "వచ్చే సంవత్సరము చూతము" అని మూడేండ్లు త్రిప్పిరి. దయచేయుడని వ్రాసిన అర్జీలకు జవాబే లేదు. పదునాలుగుమంది పిల్లల పేర్లు, తండ్రుల సంతకములు, ఆ పది అను అంకె చూపి వ్రాసిన అర్జీకి ఆరు వారములలో జవాబు వచ్చెను. ఉపాధ్యాయుడు వచ్చుటకు మరి యొక యేడు పట్టెననుకొనుడు, అయినను వచ్చెను.

అమెరికాలోనూ ఇట్టి అంకె కొరకే 2019లో సెనేటరు మార్కీ, ప్రతినిధి లాఫ్‌గ్రెన్ బిల్లు తెచ్చిరి. ఏటేట 95,000కు తగ్గరాదని అందలి ముఖ్యాంశము. 1980 తరువాతి పరిమితుల సగటు ఇంచుమించు అంతయే. అది చట్టము కాలేదు. అక్కడ రెండేండ్లకొకసారి కాంగ్రెసు ముగియగా పూర్తికాని బిల్లులన్నియు చెల్లిపోవును. తరువాతి సభలో మరల ప్రవేశపెట్టవలెను, మరల ఉత్తరములు వ్రాయవలెను. చట్టమైనను దానికి తగిన ధనము, అధికారులు లేనిచో అంకె పుస్తకముననే ఉండును. కావున ఉత్తరములో ధనము మాట కూడ అడుగవలెను.

వ్రాయు విధము మనకు తెలిసినదే. తన నియోజకవర్గపు ప్రతినిధికిని, తన రాష్ట్రపు ఇద్దరు సెనేటరులకును మాత్రమే వ్రాయవలెను. ఇతర సభ్యుల కార్యాలయములు పరుల ఉత్తరములను సాధారణముగా లెక్కపెట్టవు. మొదటి వాక్యమున తన ఊరు, పిన్‌కోడు. రెండవ వాక్యమున తాను కోరునది. తరువాత తానెరిగిన ఒక్క మనిషి సంగతి చాలును. అచ్చువేసిన మాటలకు నకలు దింపిన నూరు ఉత్తరములకంటె స్వంత మాటలతో వ్రాసిన పది ఉత్తరములకు విలువ యెక్కువ. వీసాపై నున్న పిల్లలు తమ స్థితిని ముందు విచారించుకొని, తోచినట్లు చేయుదురుగాక. వారిని బలవంతపెట్టవద్దు.

మా వాడు వ్రాసెను. తాతగారి నడక సంగతి నాలుగు పంక్తులలో పెట్టెను. సభ్యుని కార్యాలయమునుండి, అందినది, పరిశీలింతుము అని అచ్చు జవాబు మాత్రమే వచ్చెనట. అక్టోబరులోగా మరియొకటి వ్రాయుమని చెప్పితిని. ఆ ఉత్తరపు నకలును, నేను చేయించిన తెలుగు సారాంశమును సంఘ కార్యాలయమున ఉంచినాను. తమ పిల్లలకు పంపదలచినవారు సాయంకాలము ఆరు గంటల తరువాత వచ్చి తీసికొనవచ్చును.