పట్టుపోగు కన్న సన్నని చదువు
(సోమందేపల్లి సంఘ కూడికలో చేసిన ప్రసంగము)



మనలో పట్టును ఎరుగనివారు లేరు. హిందూపురం మార్కెట్టుకు గూళ్లు తోలినవారు, మగ్గములో కూర్చున్నవారు మన మధ్యనే ఉన్నారు. గూటి నుండి తీసిన ఒంటి పోగు మందము మీటరులో సుమారు లక్షవ వంతు. ఆ మందమును పదివేల పాళ్లు చేసినచో ఒక పాలు నానోమీటరు. పోగు అంత గట్టిగా ఉండుటకు కారణము, దానిలో కొద్ది నానోమీటర్ల స్ఫటికములు ఇమిడి యుండుటయే. అంత చిన్నదైనప్పుడు పదార్థము గుణమే మారును. పసుపుపచ్చని బంగారము నానో కణములుగా నీటిలో కలిసిన ఎర్రగా కనబడును. ఈ మార్పులను తెలిసికొని వాడుకొనుటయే నానో టెక్నాలజీ. 1974లో జపాను శాస్త్రజ్ఞుడు నోరియో తానిగుచి ఈ పేరు వాడెను.

ఇది మనకు దూరపు విద్య కాదు. మన ఊరి మీదుగా పోవు 44వ జాతీయ రహదారి పట్టి బెంగుళూరు వైపు పోయిన, జక్కూరులో జవహర్‌లాల్ నెహ్రూ పరిశోధనా కేంద్రము కలదు. 1989లో ఏర్పడిన ఆ కేంద్రమునకు వ్యవస్థాపక అధ్యక్షులు సి.ఎన్.ఆర్. రావుగారు, 2014లో వారు భారతరత్న అందుకొనిరి. అదే దారిలో ఉత్తరముగా పోయిన హైదరాబాదు బాలాపూరులో, నానో పదార్థములపై పనిచేయు ఏ.ఆర్.సి.ఐ. కలదు.

కొన్నేండ్ల క్రిందట మన నేత కుటుంబపు బిడ్డ ఒకతె బి.యస్సీ. ముగించి పరిశోధన చేయుదునన్నది. "ఇంకా ఎన్నేండ్లు చదువుతావమ్మా? ఇల్లు గడిచేదెట్లా?" అని మనమే అంటిమి. ఆమె అంగడిలో లెక్కలు వ్రాయుటకు కుదిరినది. పరిశోధకులకు ప్రతి నెల భృతి ఇత్తురని అప్పుడు మనకు తెలియదు. 2023 జనవరి నుండి జూనియర్ ఫెలోషిప్పు నెలకు 37,000 రూపాయలు.

నానో అను పేరుగల డిగ్రీయే కావలెనని లేదు. భౌతిక, రసాయన శాస్త్రములు శ్రద్ధగా చదివిన చాలును. బి.యస్సీ. వారికి జామ్ పరీక్ష, ఎం.యస్సీ. వారికి నెట్, గేట్ కలవు. దారి సుళువని చెప్పము. పి.హెచ్.డి.కి ఐదారేండ్లు పట్టును. ప్రయోగములు పలుమారు చెడును. ఆ తరువాత కూడ స్థిరమైన ఉద్యోగమునకు కాచుకొనవలసి వచ్చును.

అయినను ఆ నిర్ణయము బిడ్డలు తెలిసి చేయవలెను గాని, మన తెలియనితనము చేయరాదు. ఈసారి మరియొక బిడ్డ వచ్చి అడిగినచో, వద్దనుటకు ముందు పరీక్ష తేదీ కనుగొందము, దరఖాస్తు రుసుము మనము కట్టుదము, జక్కూరుకు తోడు పోయి చూపించి వత్తము. ఆ బస్సు మన ఊరి మీదుగానే పోవుచున్నది.