మూలుగ మార్పిడి – ఆ తర్వాతి సంవత్సరం



మూలుగ అనగానే మన ఇళ్లలో నల్లీ గుర్తుకొస్తుంది. నిజమే, అదే ఇది. ఎముక లోపలి ఆ మెత్తని పదార్థంలోనే మనిషి రక్తం తయారవుతుంది. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ తలసీమియా లక్షణం ఉంటే, కొందరు పిల్లల్లో ఆ తయారీ సరిగా జరగదు. మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. దగ్గరి సంబంధాలు చేసుకునే ఇళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. నిఖాకు ముందే హెచ్‌బీ ఏ2 పరీక్ష చేయించమని మేము బడిలో పెద్ద పిల్లలకు చెబుతూనే ఉన్నాము. వినాల్సింది పెద్దలు!

జబ్బు వచ్చిన బిడ్డకు మూలుగ మార్పిడితో నయమవుతుంది. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా వెళ్ళే వేలూరు సీఎంసీలో 1986 నుంచి ఈ చికిత్స ఉంది. దీన్ని మనం 'ఆపరేషన్' అంటాము గానీ, బిడ్డకు కోత ఉండదు. బలమైన మందులతో పాత మూలుగను ఖాళీ చేసి, దాత కణాలను రక్తం బాటిల్‌లాగే నరంలోకి ఎక్కిస్తారు. ఎముకల దారి అవే వెతుక్కుంటాయి. రెండు మూడు వారాల్లో కొత్త రక్తం మొలకెత్తుతుంది. ఇచ్చిన అన్నో చెల్లెలో బలహీనపడతారని నానమ్మలు భయపడతారు. తీసిన మూలుగ కొద్ది వారాల్లో తిరిగి ఊరుతుంది.

ఇక్కడ బ్లడ్ గ్రూపు కలవకపోయినా ఫరవాలేదు, హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులు కలవాలి. సగం తల్లివి, సగం తండ్రివి కాబట్టి తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి.

కిడ్నీ మార్పిడిలో ఒంటికి కిడ్నీ పరాయిదిగా కనిపిస్తుంది, దానిపై దాడి చేస్తుంది. మూలుగ విషయంలో ఇంకో భయం కూడా ఉంది. వచ్చిన అతిథే ఇంటిమీద తిరగబడవచ్చు. ఎందుకంటే వచ్చింది రోగనిరోధక సైన్యమే. దానికి బిడ్డ చర్మం, పేగులు, కాలేయం పరాయివిగా కనిపిస్తే దద్దుర్లు, విరేచనాలు, కామెర్లు వస్తాయి. ప్రాణం కూడా పోవచ్చు.

పరాయిదాన్ని ఒళ్ళు సహించడం నేర్చుకోగలదా? దీనికి జవాబు ముందు ఆవుల్లో దొరికింది. కడుపులో రక్తనాళాలు కలిసిపోయిన కవల దూడల్లో, పెరిగాక కూడా ఒకదాని రక్తకణాలు మరొకదానిలో ఉంటాయని 1945లో రే ఓవెన్ చూపారు. 1953లో పీటర్ మెడావర్ బృందం పుట్టకముందే ఎలుక పిల్లల్లోకి వేరే జాతి ఎలుక కణాలు ఎక్కించింది. పెద్దయ్యాక అవి ఆ జాతి చర్మాన్ని తమదిగానే ఉంచుకున్నాయి. సహనం నేర్పవచ్చని తేలింది. మెడావర్‌కు, బర్నెట్‌కు 1960లో నోబెల్ వచ్చింది.

మన బిడ్డ విషయంలో ఆ నేర్పు మందుల నీడలో, నెలల తరబడి జరగాలి. సైక్లోస్పోరిన్ వంటి మందు సైన్యాన్ని అదుపులో ఉంచుతుంది. అంతా బాగుంటే మెల్లగా తగ్గించి, చాలామందికి ఏడాది అటూ ఇటూగా ఆపేస్తారు. కిడ్నీ వాళ్లకు సాధారణంగా జీవితాంతం మందులే. దాతలు గమనించవలసిన తేడా ఇదే: ఈ బిడ్డ అడిగేది జీవితకాలపు సాయం కాదు, హద్దున్న సాయం.

కానీ ఆ ఏడాదే అతి ఖరీదైన ఓపిక. మొదటి నెలల్లో ఆసుపత్రి దగ్గర్లోనే గది అద్దెకు తీసుకోవాలి. మందు మోతాదు సరిపోయిందో లేదో చూడటానికి మాటిమాటికీ రక్తపరీక్షలు. జ్వరం వస్తే అర్ధరాత్రయినా పరుగు. చిన్నప్పటి టీకాలు మళ్ళీ మొదటినుంచి వేయించాలి. తల్లి బిడ్డను వదలలేదు, తండ్రి కూలికి పోలేడు. డబ్బు చాలక మందు మధ్యలో ఆపితే, అతిథి తిరగబడేది అప్పుడే. లక్షలు పోసి చేయించిన మార్పిడి కొన్ని వేలు లేక చెడుతుంది.

రమజానులో మన దాతలు 'ఆపరేషన్ ఖర్చు' అనగానే చేయి చాపి ఇస్తారు, అల్లాహ్ స్వీకరించుగాక. అయితే సహాయ ఫారంలో ఆ ఒక్క గడే ఉంది. దాని కిందనే పన్నెండు నెలల మందులకు, అద్దెకు, పరీక్షలకు మరో గడి పెట్టమని కమిటీని కోరుతున్నాము. ఒక్కొక్క దాత ఒక్కొక్క నెల ఎత్తుకుంటే చాలు. పేర్లు రాసుకునే పుస్తకం బయట బల్లమీద ఉంచాము, ముహర్రం నుంచి జుల్‌హిజ్జా వరకు పేజీలు ఖాళీగానే ఉన్నాయి.